ఉప్పు చెమట నుంచి మందుబిళ్ల వరకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నెల క్రితం మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు అమెరికాలో ఏవో మందుల మీద పని చేస్తున్నావట కదమ్మా, ఇరవై నిమిషాలు మాట్లాడు, పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవ్వాలి సుమా" అన్నారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని ఒక జబ్బు ఉంది. దానికి మందు కాగల పదార్థాలను మనిషికి ఇవ్వకముందు ల్యాబులో పరీక్షించే పని నాది. నేనేమీ మందు కనిపెట్టలేదు. ఇలాంటి ల్యాబుల్లో కొన్ని వందల మంది పనిచేస్తారు, వాళ్లలో నేనొకదాన్ని. అందుకే నా గొప్ప కాకుండా ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను.

ముందు మన బడి సంగతి ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు క్లోరైడు పరీక్ష చేయించారు. ఆయన ఈ రోజు ముందు వరుసలోనే కూర్చున్నారు. మూడు టెస్ట్ ట్యూబులు పెట్టాం. ఒకదాంట్లో ఉప్పునీళ్లు, ఒకదాంట్లో మన బడి బోరునీళ్లు, మూడోదాంట్లో డిస్టిల్డ్ వాటర్. గోధుమరంగు సీసాలోంచి సిల్వర్ నైట్రేట్ రెండేసి చుక్కలు వేశాం. మొదటిది పెరుగు విరిగినట్టు తెల్లబడింది. రెండోది కొంచెం తెల్లబడింది. మూడోది తేటగా ఉండాలి. కానీ అది కూడా లేతగా మసకబారింది. ఆ ట్యూబును మేము బోరునీళ్లతో కడిగి పెట్టాం, అదీ అసలు సంగతి. మాస్టారు "మూడూ పారబోయండి" అన్నారు. మొదటి రెండూ సరిగ్గానే వచ్చాయి కదండీ అని నేను వాదించాను. "ఏమీ లేని ట్యూబులోనే ఏదో కనపడుతుంటే, మిగతా రెండిట్లో కనపడినదాన్ని ఎలా నమ్ముతావే?" అన్నారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. మాస్టారూ, ఆ మాట నాకు ఎంత ఖరీదైన చోట మళ్లీ వినిపించిందో కాసేపట్లో చెబుతాను.

ఇక జబ్బు సంగతికి వస్తాను. ఐరోపాలో పూర్వం నుంచి ఒక నమ్మకం ఉండేది, ముద్దుపెట్టుకుంటే నుదురు ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువ కాలం బతకదని. ఎందుకో ఎవరికీ తెలియదు. 1938లో న్యూయార్క్‌లో డొరతీ ఆండర్సన్ అనే డాక్టరు, చనిపోయిన పసిపిల్లల శరీరాలను పరీక్షించి దీన్ని ఒక ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించింది. ఊపిరితిత్తుల్లో జిగురులాంటి కఫం పేరుకుపోతుంది. అందులో క్రిములు చేరతాయి. క్లోమం నాళాలు కూడా మూసుకుపోవడంతో తిన్నది అరగదు. ఆ రోజుల్లో ఈ జబ్బుతో పుట్టిన పిల్లల్లో చాలామంది బడికి వెళ్లే వయసు రాకముందే పోయేవారు. 1948 వేసవిలో న్యూయార్క్‌లో వడగాలులు వచ్చాయి. వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా ఉన్నారని పాల్ డి సాంట్ ఆన్యీస్ అనే డాక్టరు గమనించాడు. వాళ్ల చెమటలో ఉప్పు మామూలుకంటే చాలా ఎక్కువని 1953లో ఆయన బృందం ప్రచురించింది. పాత నమ్మకం వెనక ఉన్న నిజం అదే.

ఈనాటికీ ఈ జబ్బును తేల్చే మొదటి పరీక్ష చెమట పరీక్షే. లీటరు చెమటలో క్లోరైడు 60 మిల్లీమోళ్లు, ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టు లెక్క. పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఆ క్లోరైడును కొలిచే యంత్రాల్లో చాలావాటిలో జరిగేది వెండి అయాన్లు క్లోరైడుతో కలవడమే. అంటే మీ సైన్సు గదిలో సిల్వర్ నైట్రేట్ చేసే పనే.

ఇంకో ముప్పై ఆరేళ్లకు, 1989లో, టొరంటోలో లాప్-చీ ట్సూయి, జాక్ రియోర్డాన్, మిషిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి ఈ జబ్బుకు కారణమైన జన్యువును పట్టుకున్నాయి. అది 7వ క్రోమోజోము మీద ఉంది. అది తయారుచేసే ప్రొటీన్ పేరు సిఎఫ్‌టిఆర్. 1480 అమైనో ఆమ్లాల గొలుసు. కణం పైపొరలో ఇది ఒక తలుపులాంటిది. దీని గుండా క్లోరైడు దాటుతుంది. క్లోరైడు వెంట నీరు వెళ్తుంది. ఆ నీటితోనే ఊపిరితిత్తుల్లో కఫం పల్చగా ఉండి కదులుతుంది. తలుపు పనిచేయకపోతే కఫం గట్టిపడి బంకలా పట్టుకుంటుంది.

తలుపు ఎన్నో రకాలుగా చెడవచ్చు. రెండు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటి రకంలో తలుపు గోడలో బిగించే ఉంటుంది గానీ తెరుచుకోదు. జి551డి అనే మార్పు ఇలాంటిది. రెండో రకంలో తలుపు గోడ దాకా రానే రాదు. గొలుసులో 508వ స్థానంలో ఉండాల్సిన ఒక్క అమైనో ఆమ్లం లేకపోవడంతో ప్రొటీన్ సరిగ్గా మడతపడదు. కణం దాన్ని చెత్త అనుకుని లోపలే ముక్కలు చేసేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి పైగా ఇదే మార్పు కనీసం ఒక ప్రతిలో ఉంటుంది.

అయితే 1992లో అయోవాలో మైకేల్ వెల్ష్ ల్యాబువాళ్లు ఒక విషయం చూశారు. ఇలాంటి కణాలను మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర కాకుండా కొంచెం చల్లగా పెంచితే, చెడిన తలుపుల్లో కొన్ని గోడ దాకా చేరుకున్నాయి, చేరినవి పనిచేశాయి కూడా. మనిషిని అలా చల్లగా ఉంచలేం. కానీ దీన్ని బాగుచేయడం అసాధ్యం కాదని మాత్రం తెలిసింది. చల్లదనం చేసిన పని ఒక మందు చేయగలదా అన్న ప్రశ్న అక్కడ మొదలైంది.

ఆ మందు ఏదో ఎవరికి తెలుసు? రసాయనాలు లక్షల్లో ఉన్నాయి. అన్నిటినీ ఒక్కొక్కటిగా వేసి చూడాలి. అలా చూడాలంటే కణం తనంతట తనే "తలుపు తెరుచుకుంది" అని మనకు చెప్పే ఏర్పాటు కావాలి. శాన్ డియాగోలో అరోరా బయోసైన్సెస్ అనే కంపెనీలో, రోజర్ చెన్, టీటో గొన్సాలెజ్ తయారుచేసిన రంగులతో అది సాధ్యమైంది. కణం పొరకు రెండు వైపులా ఉండే విద్యుత్తు తేడా మారితే ఆ రంగుల వెలుగు మారుతుంది. అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్, అంటే జబ్బు పిల్లల తల్లిదండ్రులు మొదలుపెట్టిన సంస్థ, చందాలు పోగుచేసి ఈ పనికి డబ్బు పెట్టింది. 2001లో ఆ కంపెనీని వర్టెక్స్ కొన్నది.

ఇంకో పద్ధతి శాన్ ఫ్రాన్సిస్కోలో అలన్ వర్క్‌మన్ బృందానిది. నేను ఎక్కువగా చేసింది ఇదే. జెల్లీ చేప నుంచి వచ్చిన వెలిగే ప్రొటీన్‌ను కొంచెం మార్చి కణాల్లో పెడతారు. కణాలు పసుపుపచ్చగా వెలుగుతుంటాయి. బయట అయోడైడు పోస్తాం. తలుపు తెరిచి ఉంటే అయోడైడు లోపలికి దూరి వెలుగును ఆర్పేస్తుంది. వెలుగు తగ్గితే మందు పనిచేసినట్టు. అరచేయంత ప్లేటులో 384 చిన్న గుంటలుంటాయి. గుంటకొక రసాయనం.

మందు తలుపును బాగుచేసినా, తెరుచుకోమని కణం లోపలి నుంచి ఒక సందేశం రావాలి. ఆ సందేశాన్ని పుట్టించడానికి మేమంతా ఫోర్స్‌కోలిన్ అనే పదార్థం వాడతాం. నేను చేరిన మొదటి వారంలోనే ఆ సీసా నా చేతికిచ్చారు. అది మన దేశపు మొక్క నుంచి వచ్చింది. తులసి కుటుంబానికి చెందిన కోలియస్ మొక్క వేళ్లలోంచి 1970లలో బొంబాయిలోని హెక్స్ట్ పరిశోధన కేంద్రంలోను, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలోను మన శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. ప్రపంచంలో ఈ జబ్బు మీద పనిచేసే ల్యాబుల్లో అది లేని ల్యాబు నేను చూడలేదు.

తలుపు తెరిచే మందు కోసం శాన్ డియాగోలో 2,28,000 రసాయనాలను వడపోశారు. దొరికినవాటిని కెమిస్టులు అటూ ఇటూ మార్చి మెరుగుపరచగా వచ్చింది ఐవకాఫ్టర్. 2012 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు లక్షణాలకు కాకుండా జబ్బుకు మూలమైన ప్రొటీన్‌కే ఇచ్చిన మొదటి మందు అది. మొదట్లో నూటికి నలుగురు రోగులకే పనికొచ్చింది. 508 లోపం ఉన్నవాళ్ల కోసం ఇంకా ఏడేళ్లు పట్టింది. 2019 అక్టోబరులో మూడు మందులు కలిపిన ట్రికాఫ్టా వచ్చింది. రెండు మందులు తలుపును మడతపెట్టి గోడకు చేరుస్తాయి, మూడోది తెరుస్తుంది. ఊపిరితిత్తుల సామర్థ్యం సుమారు 14 శాతం పాయింట్లు పెరిగింది. ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూసే జాబితాలో ఈ జబ్బువాళ్లు బాగా తగ్గిపోయారు.

ఆ జాబితాకు నా పనికి సంబంధం ఉంది. ప్లేటులో వాడే కణాలు చాలావరకు ఎలుక థైరాయిడ్ కణాలు, పెంచడం తేలిక. కానీ ఎలుక కణంలో పనిచేసింది మనిషి ఊపిరితిత్తిలో పనిచేస్తుందని ఎక్కడుంది? అందుకని రెండో పరీక్ష మనిషి కణాల మీద చేస్తారు. ఊపిరితిత్తుల మార్పిడి జరిగినప్పుడు, తీసేసిన చెడిపోయిన ఊపిరితిత్తులను రోగి రాసిచ్చిన అనుమతితో ల్యాబుకు పంపుతారు. ఐసు పెట్టెలో వస్తాయి, ఒక్కోసారి అర్ధరాత్రి. పెట్టె మీద పేరుండదు, ఒక నంబరే ఉంటుంది. వెంటనే కణాలు వేరుచేయాలి, తెల్లారేదాకా ఆగవు. వాటిని సన్నటి జల్లెడలాంటి పొర మీద పరిచి, కింద పోషక ద్రవం, పైన గాలి తగిలేలా నెలరోజులు పెంచుతాం. అప్పుడు వాటికి సన్నటి వెంట్రుకలు మొలుస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతుంటాయి. జబ్బు కణాల మీద మాత్రం కఫం కదలదు. వెంట్రుకలు కఫం కింద చిక్కుకుని గిలగిలలాడుతుంటాయి. మందు కలిపి మర్నాడు చూసినప్పుడు ఆ కఫం మెల్లగా ఒక పక్కకు జారడం మొదటిసారి చూసిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కనున్నవాళ్లను పిలిచి చూపించాను. వాళ్లు అది వందసార్లు చూసినవాళ్లు, అయినా వచ్చి చూశారు.

కళ్లతో చూస్తే చాలదు, కొలవాలి. ఆ పొరను రెండు గదుల మధ్య బిగించి, క్లోరైడు దాటినప్పుడు పుట్టే కరెంటును కొలుస్తాం. ఈ పరికరం పేరు ఉసింగ్ చాంబర్. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఉసింగ్ కప్ప చర్మం మీద పనిచేయడానికి తయారుచేసుకున్నది. మన ల్యాబులో కప్పను కోయమంటే పారిపోయిన నా స్నేహితురాళ్లు ఇక్కడే ఉన్నారు. కప్ప మనకు ఎంత మేలు చేసిందో వాళ్లు గమనించాలి!

ఇప్పుడు మాస్టారికి నేను బాకీ ఉన్న మాట. చేరిన రెండో సంవత్సరం నాకు ఒక రసాయనం దొరికింది. మూడు ప్లేట్లలో వేస్తే మూడింట్లోనూ వెలుగు బాగా తగ్గింది. రెండు వారాలు నేను నేల మీద నడవలేదు. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు కూడా చెప్పేశాను. మా ల్యాబు పెద్దావిడ ప్లేటు పటం చూసి, "నీ రసాయనం అన్నిసార్లూ అంచు గుంటల్లోనే ఉంది, ఉత్త ద్రావకం పోసిన గుంటలేమో మధ్యలోనే ఉన్నాయి, ఎందుకు?" అని అడిగింది. సౌకర్యంగా ఉందని అలా పెట్టాను, అంతకు మించి కారణం లేదు. అంచు గుంటల్లోంచి నీరు తొందరగా ఆవిరవుతుంది. ఉప్పు చిక్కబడి కణాలు దెబ్బతింటాయి, వెలుగు దానంతట అదే తగ్గుతుంది. ఉత్త ద్రావకాన్ని అంచున పోసి చూశాను. అక్కడా వెలుగు తగ్గింది. నా రసాయనాన్ని మధ్యలో పోశాను. ఏమీ జరగలేదు. ఏమీ లేని ట్యూబు మసకబారడం అంటే ఇదే. రెండు నెలల పని పారబోశాను. ఈసారి ఎవరితోనూ వాదించలేదు.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనమైతే మీకు చెప్పేదాన్ని కాదు. పెద్దపెద్దవాళ్లకు కూడా పరీక్షే దారి తప్పించిన సందర్భాలున్నాయి. ఈ జబ్బులో కొందరికి జన్యువు మధ్యలో "ఇక ఆపు" అనే గుర్తు పడుతుంది, ప్రొటీన్ సగంలోనే ఆగిపోతుంది. ఆ గుర్తును దాటించే మందుగా అటల్యూరెన్ అనేదాన్ని వెతికి పట్టుకున్నారు. అందుకు వాడిన పరీక్షలో మిణుగురు పురుగు వెలుగు ప్రొటీన్ ఉంది. వెలుగు పెరిగితే మందు పనిచేసినట్టు. 2009లో వేరే శాస్త్రవేత్తలు, ఈ మందు నేరుగా ఆ మిణుగురు ప్రొటీన్‌కే అంటుకుని దాన్ని చెడిపోకుండా నిలబెడుతుందని చూపించారు. అంటే మందు జన్యువును ఏమీ చేయకపోయినా వెలుగు పెరగవచ్చు. దాని మీద వాదోపవాదాలు జరిగాయి. చివరికి 2017లో, సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో ఆ మందు లాభం చూపలేదు. ఆ పరీక్షలో చేరినవాళ్లు ఎంత ఆశతో చేరి ఉంటారు! ల్యాబులో ఒక చిన్న ప్రశ్న అడగకపోతే దాని ఖర్చు ఎక్కడో ఒక రోగి కట్టాల్సి వస్తుంది.

ఇంకొకటి. 508 లోపానికి ట్రికాఫ్టాకు ముందు రెండు మందుల జోడీ వచ్చింది. అనుకున్నంత మేలు చేయలేదు. 2014లో రెండు బృందాలు కారణం చూపాయి. తలుపు తెరిచే మందును కొద్ది నిమిషాలు వేసి కొలిస్తే ఫలితం బాగుంది. కానీ మనిషి మందును నిమిషాలు కాదు, రోజూ వేసుకుంటాడు. అదే మందును కణాల మీద రోజంతా ఉంచి కొలిస్తే, మొదటి మందు కష్టపడి గోడకు చేర్చిన తలుపులను రెండోది నిలవనీయడం లేదు. అప్పటి నుంచి మేము రోజంతా ఉంచిన లెక్క కూడా చూడకుండా దేన్నీ ముందుకు పంపం.

మరి మన వాళ్ల సంగతి? ఈ జబ్బు తెల్లవాళ్లదని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదు. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మన పిల్లల్లో దీన్ని ఏళ్ల తరబడి గుర్తిస్తూ, రాస్తూ వచ్చారు. తల్లి, తండ్రి ఇద్దరూ చెడిన జన్యువును ఒక్కో ప్రతి మోస్తుంటే, వాళ్లకు ఏమీ ఉండదు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలున్న కుటుంబాల్లో ఇలాంటి జబ్బుల ప్రమాదం పెరుగుతుంది. మన దేశంలో 508 లోపం వాటా పాశ్చాత్య దేశాలకంటే తక్కువ, అరుదైన మార్పులు ఎక్కువ. అక్కడే చిక్కు వస్తుంది.

కిందటి ఏడు మన జిల్లావాడే ఒకాయన, మన బడి స్నేహితుల ద్వారా నా నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. పాపకు ఆరేళ్లు. న్యుమోనియా అని, టీబీ అని మూడేళ్లు తిరిగి, ఆఖరికి చెమట పరీక్షలో తేలింది. జన్యు పరీక్ష కాగితం వాట్సాప్‌లో పంపి, "అమ్మా, మీ మందు మా పాపకు పనిచేస్తుందా?" అని అడిగాడు. రెండు మార్పులూ అరుదైనవి. అనుమతి ఉన్న జాబితాలో లేవు. నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. ఒకవేళ పనిచేసినా, 2019లో అమెరికాలో ఆ మందు ధర ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైమాటే. ఆ అంకె ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఆయనకు అది ముందే తెలుసు.

కానీ "తెలియదు" దగ్గర ఆగిపోనక్కర్లేదు, తెలుసుకునే దారి ఉంది. అరుదైన మార్పు ఉన్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద పదిమందే ఉంటే, వాళ్ల మీద మందు పరీక్ష పెట్టలేం. అందుకని 2017 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక పని చేసింది. ల్యాబులో ఎలుక కణాల్లో ఒక్కో మార్పును పెట్టి, ఐవకాఫ్టర్‌తో క్లోరైడు ప్రవాహం మామూలులో కనీసం 10 శాతం మేర పెరిగితే, ఆ ఆధారంతోనే ఇంకో 23 మార్పులకు అనుమతినిచ్చింది. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్‌లో ఇంకో మార్గం కనిపెట్టారు. రోగి పురీషనాళం నుంచి ఆవగింజంత ముక్క తీసి, దాన్నుంచి చిన్నచిన్న బుడగల్లాంటి కణ సమూహాలు పెంచుతారు. ఫోర్స్‌కోలిన్ పోస్తే, తలుపు పనిచేసేవి నీరు పట్టి ఉబ్బుతాయి, పనిచేయనివి ఉబ్బవు. మందు కలిపాక ఉబ్బితే ఆ మందు ఆ మనిషికి పనికొచ్చే అవకాశం ఉన్నట్టు. 2013లో దీన్ని ప్రచురించారు. ఆ పాప నుంచి అంత ముక్క తీసి పరీక్షిస్తే ఆ తండ్రి ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది. మా ల్యాబులో ఐసు పెట్టెల్లో వచ్చే కణాల్లో మన దేశపు పిల్లలవి దాదాపు ఉండవు. ఉండాలి. దాని కోసం ఇక్కడి డాక్టర్లతో కలిసి పనిచేయడానికి ప్రయత్నిస్తున్నాం. అనుమతులు, ఖర్చులు, చాలా ఉన్నాయి. పని మొదలైంది, అంతవరకే చెప్పగలను.

ఇంకో రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు ఉన్నారు. పదేపదే న్యుమోనియా వచ్చే బిడ్డ, ఎంత తిన్నా ఒళ్లు చేయని బిడ్డ, జిడ్డుగా విరేచనమయ్యే బిడ్డ, చెమట ఆరితే చర్మం మీద ఉప్పు తేలే బిడ్డ మీ దగ్గరకు వస్తే, ఒక్కసారి చెమట పరీక్ష గురించి ఆలోచించండి. ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది. అరుగుదల మందులు, కఫం తీసే వ్యాయామాలు, యాంటీబయాటిక్స్ ఇక్కడే దొరుకుతాయి, వాటితో కూడా ఏళ్లు కలిసివస్తాయి.

రెండోది మన సంఘానికి. స్వర్ణోత్సవ నిధిలో సైన్సు గదికి కొంత కేటాయిస్తామని కార్యదర్శి గారు ఇందాక ప్రకటించారు, సంతోషం. నా వంతు నేను ఇస్తాను. ప్రొజెక్టరు కొనండి, వద్దనను. కానీ ముందు టెస్ట్ ట్యూబులు, సిల్వర్ నైట్రేట్, డిస్టిల్డ్ వాటర్ సరిపడా కొనండి. పిల్లలు తమ చేతులతో చేయాలి, తప్పు చేయాలి, పారబోసి మళ్లీ చేయాలి. మాస్టారు ఆ రోజు మూడు ట్యూబులూ పారబోయించకపోతే, ఆ రెండు నెలల పనిని నేను పారబోసేదాన్ని కాదేమో. అది కాగితంలో అచ్చయ్యేది. ఇంకో ల్యాబు దాన్ని నమ్మి ఇంకో ఏడాది పోగొట్టుకునేది.

పిల్లలూ, మూడో ట్యూబు మసకబారితే దాచకండి, మాస్టారికి చూపించండి.